మందలో ఒక్క పొట్టేలు: పత్తి గింజ, పురుగుమందులు, తగ్గే సంతానశక్తి

వరంగల్: గొర్రెలు చూడి కట్టకపోతే ముందు అనుమానం ఆడవాటి మీదికే పోతుంది. పొట్టేలు బలంగా ఉంది, దాటుతోంది, ఇంకేం కావాలి అనుకుంటారు. కానీ దాటడం వేరు, వీర్యంలో శుక్రకణాలు సరిగా ఉండడం వేరు.

2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, 1 పొట్టేలు. అలాంటి మందలో ఆ ఒక్కటి పనికిరాకపోతే ఇరవై గొర్రెలూ ఒట్టిపోయినట్టే.

వరంగల్ చుట్టుపక్కల అంతా పత్తి. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. ఎవరో చల్లిన మందు కాదు, పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క తానే తయారు చేసుకునేది. చైనాలో శుద్ధి చేయని పత్తిగింజల నూనె వాడిన పల్లెల్లో పిల్లలు పుట్టకపోవడంతో దీని సంగతి బయటపడింది. 1970లలో అక్కడ మగవారికి గర్భనిరోధక మాత్రగా కూడా పరీక్షించారు. ఒంట్లో పొటాషియం పడిపోవడం, కొందరికి సంతానశక్తి తిరిగి రాకపోవడంతో వదిలేశారు.

నెమరు వేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు గాసిపాల్‌ను చాలావరకు కట్టిపడేస్తాయి. అందుకే పత్తి చెక్క తిన్న ప్రతి పశువూ చెడిపోదు. మోతాదు మించినా, పొట్ట ఇంకా ఎదగని పిల్లలకు పెట్టినా చిక్కే. కోడెలపై చేసిన పరిశోధనల్లో శుక్రకణం మధ్యభాగం దెబ్బతిని కదలిక తగ్గినట్టు తేలింది. మిల్లులో వేడి తగిలిన చెక్క కంటే పచ్చి గింజల్లో గాసిపాల్ ఎక్కువ. బక్రీద్‌కు పెంచే పొట్టేలుకు ఈ బెంగ లేదు, మందలో విత్తనానికి ఉంచుకునేదానికే.

రెండోది పురుగుమందులు. 2011లో సుప్రీంకోర్టు నిలిపివేయించిన ఎండోసల్ఫాన్ మగ ఎలుకల్లో శుక్రకణాలను తగ్గించినట్టు ప్రయోగాలు చూపాయి. స్కాట్లాండ్‌లో మురుగునీటి మడ్డి ఎరువుగా వేసిన పచ్చికలో మేసిన గొర్రెల కడుపులోని మగ పిల్లల వృషణాలు చిన్నవిగా కనిపించాయి. అంటే దెబ్బ పుట్టకముందే పడొచ్చు.

2006లో వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొరపెట్టుకున్నారు. బీటీ పత్తి వల్లేనని కొందరు, పురుగుమందుల అవశేషాల వల్లని కొందరు వాదించారు. చచ్చిన గొర్రె లెక్కకొస్తుంది. పుట్టని పిల్ల ఏ లెక్కలోకీ రాదు.

అనుమానం ఉంటే వీర్య పరీక్ష ఒక్కటే దారి. చుక్క వీర్యాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే కదలిక, ఆకారం తెలిసిపోతాయి. పశువైద్యుడిని అడిగి చేయించుకోవాలి.

పొట్టేలులో శుక్రకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. కాబట్టి మేత ఇవాళ మారిస్తే రేపే ఫలితం రాదు. తొలకరి తర్వాత గొర్రెలు ఎదకొస్తాయనుకుంటే ఏప్రిల్‌లోనే పొట్టేలుకు పత్తి గింజలు ఆపి వేరుశనగ చెక్కకు మార్చాలి, మందు కొట్టిన చేలలోకి తోలకూడదు.