ఇంటి అనుమతి క్షణాల్లో... సంతకం బాధ్యత యజమానిదే

మహబూబాబాద్: పునాది తవ్విన నాడు పురపాలక కార్యాలయం ఎవరికీ గుర్తుకు రాదు. పిల్లర్లు లేచి, స్లాబుకు సెంట్రింగు బిగించిన తరువాత పట్టణ ప్రణాళికా విభాగం సిబ్బంది వచ్చి కాగితాలు అడిగినప్పుడు గుర్తుకు వస్తుంది. అప్పటికే సగం సొమ్ము ఇసుక, ఇనుము, సిమెంటుగా మారిపోయి ఉంటుంది. సొంత ఇల్లు కట్టుకొనే సామాన్యుడికి ఈ అనుభవం కొత్తది కాదు. అయితే గత కొన్నేళ్లలో రాష్ట్రంలో అనుమతి విధానమే మారిపోయింది. కార్యాలయం చుట్టూ తిరిగే శ్రమ తగ్గింది. సంతకం చేసే ముందు చూసుకోవలసిన శ్రమ పెరిగింది. మొదటి మాట అందరికీ చేరింది గాని, రెండోది చాలామందికి చేరలేదు.

2018 ఆగస్టులో రాష్ట్రంలో 68 కొత్త పురపాలక సంఘాలు ఏర్పడ్డాయి. ఈ జిల్లాలోని తొర్రూరు, మరిపెడ, డోర్నకల్ పంచాయతీ హోదా వీడి పట్టణాలయింది అప్పుడే. ఊరికి పట్టణం హోదా ఒక్క రోజులో వచ్చింది గాని, అలవాట్లు అంత త్వరగా మారలేదు. కార్యదర్శికి తెల్లకాగితంపై అర్జీ రాసి, ఇంటి పన్ను రసీదు జతచేసి, సర్పంచి సరేనంటే ముగ్గు పోయడం పాత పద్ధతి. పంచాయతీ కాలంలోనూ అది నిబంధనలకు సరిపడే పద్ధతి కాదు. అయినా అడిగేవారు లేక సాగిపోయింది. నేటికీ గ్రామాల్లో 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు కట్టే ఇళ్లకు గ్రామ పంచాయతీయే అనుమతి ఇస్తుంది. అంతకు మించితే పట్టణ, గ్రామ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం కావాలి.

పట్టణాల్లో 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం, 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం వచ్చిన తరువాత లెక్క వేరయింది. 2020 నవంబరులో ఆన్‌లైన్ దరఖాస్తు మొదలైంది. 2025లో ‘బిల్డ్‌నౌ’ పేరుతో కొత్త వేదిక వచ్చింది. వేదిక పేరు మారినా దాని వెనుకనున్న సూత్రం మాత్రం స్వీయ ధ్రువీకరణే. దరఖాస్తుదారు చెప్పిన వివరాలను నమ్మి ప్రభుత్వం ముందుగా అనుమతి ఇస్తుంది. తనిఖీ తరువాత జరుగుతుంది.

ఏ ఇంటికి ఏ అనుమతి?

75 గజాలు, అంటే 63 చదరపు మీటర్ల లోపు స్థలంలో నేల అంతస్తు గాని, దానిపై మరొక అంతస్తు గాని కట్టుకొనేవారికి అనుమతితో పని లేదు. రూపాయి చెల్లించి వివరాలు నమోదు చేసుకుంటే చాలు. స్థలం అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకు, అంటే సుమారు 600 గజాల వరకు ఉండి, ఇంటి ఎత్తు 10 మీటర్లు దాటకపోతే తక్షణ అనుమతి వర్తిస్తుంది. జిల్లాలోని పట్టణాల్లో సొంతానికి కట్టుకొనే ఇళ్లు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. ఈ హద్దు దాటిన కట్టడాలకు, వాణిజ్య భవనాలకు ఏకగవాక్ష విధానంలో 21 రోజుల గడువు ఉన్నది. ఆ గడువులో కార్యాలయం ఏదీ తేల్చకపోతే అనుమతి లభించినట్లే భావించాలని చట్టం చెబుతోంది.

ఇక్కడ గజాలకు, మీటర్లకు మధ్య పొరపాటు తరచుగా జరుగుతుంది. రిజిస్ట్రేషను దస్తావేజు గజాల్లో ఉంటుంది, నిబంధనలు మీటర్లలో ఉంటాయి. చదరపు మీటరు అంటే గజం కన్నా కొంచెం ఎక్కువ, దాదాపు 1.2 గజాలు.

ఊళ్లో అందరికీ తెలిసిన 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల ప్లాటునే తీసుకొంటే అది 200 గజాలు, అనగా 167 చదరపు మీటర్లు. ముందున్న రోడ్డు 40 అడుగులు మించనిదైతే, ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న జారీ అయిన జి.ఓ.168 ప్రకారం ఎదుట ఒకటిన్నర మీటర్లు, మిగిలిన మూడు వైపులా ఒక్కో మీటరు ఖాళీ వదలాలి. అడుగుల్లో చెప్పాలంటే ముందు దాదాపు 5, తక్కిన వైపుల 3 అడుగుల 3 అంగుళాలు. అవి పోగా గోడలు లేపడానికి మిగిలేది సుమారు 23 అడుగుల 5 అంగుళాల వెడల్పు, 51 అడుగుల 9 అంగుళాల పొడవు. మేస్త్రీ నేల మీద సున్నంతో గీసే గీతకు ఈ కొలతే ఆధారం కావాలి. కాని పక్కింటి గోడకు ఆనించి కట్టిన పాత ఇళ్లను చూసి, తమకూ అంతే చాలునని అనుకొనేవారే ఎక్కువ. ప్లానులో మీటరు ఖాళీ చూపించి, కట్టేటప్పుడు అందులో మెట్లో, స్నానాల గదో కలుపుకోవడం మరొక రకం. తనిఖీలో మొదట దొరికేది ఇదే.

రోడ్డుకు ఉండవలసినంత వెడల్పు లేకపోతే, దాని మధ్యరేఖ నుంచి కొలిచి లోటు పడిన మేర స్థలాన్ని విడిచిపెట్టిన తరువాతే ఈ ఖాళీలను లెక్కించాలి. స్థలం 200 చదరపు మీటర్లు గాని, ఎత్తు 7 మీటర్లు గాని దాటితే కట్టే విస్తీర్ణంలో పదో వంతును పురపాలక సంఘానికి తనఖా పెట్టవలసి ఉంటుంది. ప్లాను ప్రకారం కట్టినట్లు తేలిన తరువాతే దానిని విడిపిస్తారు.

నేల ఎవరిది?

కొలతల కన్నా ముందు చూడవలసింది స్థలం పుట్టుపూర్వోత్తరాలు. రిజిస్టరు దస్తావేజు, దాని వెనుక లింకు దస్తావేజులు, ఈసీ చేతిలో ఉండాలి. కులపెద్దల ఎదుట రాసుకొన్న తెల్లకాగితం, నోటరీ కాగితం యాజమాన్యాన్ని రుజువు చేయవు. పాత ఊరి నడుమ గ్రామకంఠంలో తరతరాలుగా ఉంటున్నవారి కష్టం వేరు. వారి వద్ద దస్తావేజు ఉండదు. తాతల పేరిట ఉన్న ఇంటి పన్ను రసీదులే ఆధారం. అన్నదమ్ములు పంచుకొన్న ఇంట్లో రసీదు ఒకరి పేరిట, స్వాధీనం మరొకరిది అయితే, దరఖాస్తుకు ముందే భాగపరిష్కారాన్ని రిజిస్టరు చేయించుకోవడం మేలు.

కాకతీయుల నాటి నుంచి చెరువులతో అల్లుకొన్న ప్రాంతం ఇది. ఎండాకాలంలో ఎండిన శిఖం భూమి ప్లాటులాగే కనిపిస్తుంది. మత్తడి దుంకిన ఏడాది గాని అది చెరువని తెలియదు. పది హెక్టార్లు, అంటే పాతిక ఎకరాల చెరువుకు గాని, అంతకు పెద్దదానికి గాని హద్దు నుంచి 30 మీటర్ల లోపల కట్టడం నిషిద్ధం. అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు ఈ దూరం 9 మీటర్లు. వాగు, కాలువ 10 మీటర్ల కన్నా వెడల్పుగా ఉంటే 9 మీటర్లు, చిన్న కాలువలైతే 2 మీటర్లు విడిచిపెట్టాలి. ఈ హద్దును పూర్తి నీటిమట్టం నుంచి కొలుస్తారే తప్ప, కొనే రోజున కనిపించే నీటి అంచు నుంచి కాదు. సర్వే నంబరు పట్టుకొని నీటిపారుదల, రెవెన్యూ కార్యాలయాల్లో ఒక్క రోజు వెచ్చిస్తే ఇది తేలిపోతుంది. అమ్మినవాడి మాట మీద బయానా ఇచ్చినవారు ఆ ఒక్క రోజునే ఆదా చేసుకొంటున్నారు.

అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవారిది మరో చిక్కు. రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్డు పరిచి అమ్మిన వెంచర్లు అన్ని పట్టణాల శివార్లలోనూ ఉన్నాయి. వీటి క్రమబద్ధీకరణకు 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో, మళ్లీ 2020 ఆగస్టు 31న తెలంగాణలో ఉత్తర్వులు వెలువడ్డాయి. రెండోసారి లక్షల సంఖ్యలో దరఖాస్తులు వచ్చి ఏళ్ల తరబడి నిలిచిపోయాయి. 2025లో రుసుముపై 25 శాతం రాయితీ ప్రకటించి వాటిని కదిలించారు. క్రమబద్ధీకరణ కాని ప్లాటుకు ఇంటి అనుమతి దొరకదు. దరఖాస్తు పెట్టిన రసీదు క్రమబద్ధీకరణ పత్రం కాదన్నది గుర్తించాలి.

చదవని సంతకం

ప్లానును లైసెన్సు పొందిన ఇంజినీరు గాని, ఆర్కిటెక్టు గాని గీయాలి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపేది కూడా సాధారణంగా వారి కార్యాలయమే. యజమాని ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పి, చూపినచోట సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆ సంతకం ఉన్న హామీ పత్రంలో ఏముందో చదివేవారు అరుదు. స్థలం తనదేనని, అది ప్రభుత్వ భూమి గాని, చెరువు భూమి గాని కాదని, మాస్టరు ప్లాను రోడ్డులో లేదని, ప్లాను దాటి కట్టనని, ఇందులో ఏది అబద్ధమైనా అనుమతి రద్దుకు, కూల్చివేతకు ఒప్పుకొంటానని అందులో ఉంటుంది. పాత పద్ధతిలో అధికారి చూసి చెప్పవలసిన విషయాలను నేడు యజమాని చెబుతున్నాడు. తక్షణ అనుమతి ఇచ్చిన 21 రోజుల్లోగా అధికారులు పరిశీలించి, తప్పుడు సమాచారం ఉంటే దానిని రద్దు చేయవచ్చు. అందుచేత అనుమతి చేతికి వచ్చిన మరునాడే కాంక్రీటు పోయడం కన్నా, ఆ పరిశీలన ముగిసేదాకా ఆగడం వివేకం.

అనుమతి లేని కట్టడాన్ని నోటీసు లేకుండానే తొలగించవచ్చని రాష్ట్ర చట్టం అంటోంది. దీనికి తోడు 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. కూల్చే ముందు కనీసం 15 రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలని, యజమాని మాట వినాలని ఆదేశించింది. రోడ్లు, కాలిబాటలు, నదులు, జలాశయాలను ఆక్రమించిన కట్టడాలకు ఈ రక్షణ లేదు. అంటే సందులో ఖాళీ వదలని ఇంటికి గడువు దొరుకుతుంది గాని, శిఖంలో లేచిన ఇంటికి దొరకదు.

కూల్చకపోయినా నష్టం తప్పదు. అనుమతి లేకుండా కట్టిన ఇంటికి, అనుమతికి మించి లేపిన అంతస్తుకు ఆస్తి పన్నుపై నూరు శాతం జరిమానా పడుతుంది. ఖాళీల్లో అతిక్రమణ 10 శాతం లోపు ఉంటే పన్నుపై 25 శాతం, దాటితే 50 శాతం. ఇది ఏటేటా పడే భారం. పైగా ఇంటి నంబరు వచ్చి, పన్ను కట్టించుకొన్నంత మాత్రాన కట్టడం సక్రమమైపోదు. పన్ను రసీదే అనుమతి పత్రమని నమ్ముతున్నవారు పట్టణాల్లో ఇప్పటికీ ఉన్నారు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరో తీర్పులో, పూర్తయినట్లు ధ్రువపత్రం చూసిన తరువాతే భవనంపై బ్యాంకులు రుణాలు మంజూరు చేయాలని, నిర్మాణం సాగినన్నాళ్లూ ఆమోదిత ప్లానును స్థలం వద్ద ప్రదర్శించాలని కూడా ఆదేశించింది.

ప్లాను నకలు ఒకటి బీరువాలో ఉంటే, మరొకటి మేస్త్రీ చేతిలో ఉండాలి. పిల్లర్ల గుంతలు తవ్వే రోజునే ఇంజినీరును పిలిపించి, నాలుగు వైపులా టేపుతో కొలిపించుకొని, ఆ కొలతలతో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. గోడ లేచిన తరువాత జరిపే కొలత అధికారికి పనికివస్తుంది గాని, యజమానికి కాదు.