పదిమందితో పయనం: వీరాస్వామయ్య నుంచి మా పెద్దమ్మ దాకా

ఒంటరి ప్రయాణమంటే నాకు మొదటినుంచీ ఒక విధమైన గర్వం. భుజాన సంచీ, చేతిలో రైల్వే టైంటేబులు, ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగడం. సంతబొమ్మాళి సెంటర్లో ఏటా ఒకటి రెండుసార్లు కనిపించే కాశీ బస్సును చూసినప్పుడల్లా నాకు నవ్వు వచ్చేది. బస్సు కడుపులో గ్యాసు బండలు, గుండిగలు, బియ్యం బస్తాలు; పైన మడత మంచాలు, ముందు అద్దం మీద "కాశీ, గయ, ప్రయాగ" అని రంగు అక్షరాలు, లోపల నలభైమంది ముసలివాళ్ళు. ఊరు మారినా వంకాయ కూర మారని యాత్ర అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకు తీసుకుంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి, అంటే దాదాపు రెండు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

మన భాషలో యాత్రాసాహిత్యం అనగానే అందరికీ ముందుగా గుర్తొచ్చే పేరు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాషీ. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు. దారిలో రాసినదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చాడు; వీరాస్వామయ్య 1836లో పోయాక, 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో అచ్చయింది. దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో దానిని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఇవన్నీ మీలో చాలామందికి తెలిసినవే. మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ఆ మహానుభావుడు ఒంటరిగా వెళ్ళలేదు. కుటుంబం, పరిచారకులు, పల్లకీ మోసే బోయీలు, కావళ్ళవాళ్ళు, డేరాలు కలిపి సుమారు నూరుమంది పరివారం. నేటి లెక్కలో రెండు బస్సులు నిండి ఇంకా మిగులుతారు!

అంతమంది ఎందుకు? అది దర్పం కోసమని తేల్చేయడం సులభం. ఆయన దారిని ఒకసారి పటం మీద గీసి చూడండి. తిరుపతి, కడప, శ్రీశైలం, కర్నూలు, హైదరాబాదు, అక్కణ్ణుంచి నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ. జబల్పూరు పరిసరాలంటే ఆ రోజుల్లో ఠగ్గుల సీమ. కంపెనీ ఉద్యోగి స్లీమన్ వాళ్ళను వేటాడడం ముమ్మరం చేసినది కూడా 1830 ప్రాంతంలోనే. అంటే మన దుబాషీగారు సరిగ్గా ఆ కాలంలో, ఆ దారినే నడిచాడు.

ఠగ్గులు అడవిలో పొదలచాటున దాక్కుని మీద పడేవాళ్ళు కారు. వాళ్ళు కూడా బాటసారుల్లాగే వచ్చేవాళ్ళు. "దారి మంచిది కాదు, కలిసి పోదాం" అనేవాళ్ళు. రెండు రోజులో, మూడు రోజులో కలిసి నడిచి, కలిసి వండుకుని, నమ్మకం కుదిరాక రుమాలు మెడకు బిగించేవాళ్ళు. దారిలో తోడు దొరికితే మేలన్న ప్రతి బాటసారి ఆశే వాళ్ళకు పెట్టుబడి. కనుక దారిలో దొరికిన గుంపు వేరు, ఇంటినుంచి కూడి వచ్చిన గుంపు వేరు. ఒకరి ఊరు, ఇల్లు, వంశం మరొకరికి తెలిసిన నూరుమంది మధ్యకు కొత్తవాడు దూరడం కష్టం. వీరాస్వామయ్య పరివారానికున్న అసలు కాపలా కత్తులు కాదు, ఆ పరిచయం అని నాకనిపిస్తుంది. (కోర్టు ఉద్యోగి కాబట్టి కంపెనీ దొరల పలుకుబడి కూడా వెంట ఉందనుకోండి, అది వేరే సంగతి.)

మన తీరం కూడా ఆ రోజుల్లో అంత భద్రంగా ఏమీ లేదు. 1816లో పింఢారీలు గుంటూరు సీమను దోచుకున్నారు. ఆ ఏడాది చివర్లో గంజాం, కిమిడి ప్రాంతాల మీదా పడ్డారు. కిమిడి అంటే మనకు ఎంత దూరం? టెక్కలి నుంచి చూస్తే పక్కూరే. వీరాస్వామయ్య తిరుగుప్రయాణంలో కలకత్తా, పూరీ చూసుకుని గంజాం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా దక్షిణానికి దిగాడు. అంటే మా ఉద్దానం పక్కనుంచే ఆ నూరుమంది గుంపు సాగిపోయింది. పిల్లలు దారిపక్క చేరి ఆ పల్లకీని చూసే ఉంటారు. అది నా ఊహ మాత్రమే, చరిత్ర కాదు.

అన్నట్టు, లోకంలో సామూహిక యాత్రకు ఆద్యుడని పేరుపొందిన థామస్ కుక్ తొలి బృందాన్ని నడిపించింది 1841 జూలై 5న. లెస్టరు నుంచి లఫ్‌బరో దాకా, తలకు ఒక షిల్లింగు చొప్పున సుమారు అయిదు వందల మందిని, ఒక మద్యపాన వ్యతిరేక సభకు రైల్లో తీసుకువెళ్ళాడు. మన దుబాషీగారు ఇల్లు చేరిన పదేళ్ళకు! కుక్ కనిపెట్టింది గుంపును కాదు. గుంపుకు టిక్కెట్టు ధర కట్టడాన్ని. ఆ పేరుగల కంపెనీ 2019 సెప్టెంబరులో దివాలా తీసింది. కాశీ బస్సులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

నిజానికి మన దేశంలో ఆ పని పండాలు ఎప్పటినుంచో చేస్తున్నారు. పూరీ పండాల మనుషులు ఊరూరా తిరిగి యాత్రికులను కూడగట్టి, దారి చూపి, బస చూపి, క్షేత్రంలో దర్శనం చేయించేవాళ్ళు. 1872లో 'ఒరిస్సా' గ్రంథం రాసిన హంటర్, ఆ గుంపుల్లో అధికభాగం స్త్రీలేనని గమనించాడు. గడప దాటడానికి ఒప్పుకోని కాలంలో, పదిమంది ఆడవాళ్ళు ఒక గుంపుగా ఏర్పడితే మాత్రం మగవాళ్ళు కాదనలేకపోయేవారు. అదే హంటర్ ఆ గుంపుల వెనుక నడిచిన కలరా గురించి కూడా రాశాడు. కిక్కిరిసిన సత్రాలు, కుళ్ళిన నీళ్ళు, దారిపక్కనే విడిచిపెట్టిన మనుషులు. గుంపు చేసిన మేలే కాదు, కీడు కూడా లెక్కలోకి రావాలి.

తరువాత రైలు వచ్చింది. 1890ల మధ్యకల్లా తూర్పుతీరం రైలుమార్గం మా వైపు పడింది. 1897 ఫిబ్రవరిలో పూరీ శాఖ తెరిచారు. సంతబొమ్మాళి మండలంలోని నౌపడా అంటే అందరికీ ఉప్పు కొఠారులు గుర్తొస్తాయి గాని, ఒకప్పుడు అది మంచి జంక్షను. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు 1900లో అక్కణ్ణుంచే మొదలైంది. నెలల తరబడి నడిచే జగన్నాథ యాత్ర ఒక్క రోజు ప్రయాణమైపోయింది. గుంపు అవసరం తీరిపోవాలి కదా? తీరలేదు. రైలు దూరాన్ని మింగింది గాని, దిగాక ఎటుపోవాలో, ఎవరిని నమ్మాలో, అక్కడి భాషలో ఏమని అడగాలో రైలు చెప్పదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు గుంపు దగ్గరికి వస్తాను. అది పుణ్యానికి వెళ్ళింది కాదు, పొట్టకోసం వెళ్ళింది.

బారువ, కళింగపట్నం రేవుల నుంచి రంగానికి స్టీమర్లు నడిచిన రోజులున్నాయి. రంగం అంటే రంగూన్. మన పెద్దవాళ్ళు ఎవరూ రంగూన్ అనలేదు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి బయానా ఇచ్చి, టిక్కెట్టు కొని, పదీ ఇరవైమందిని జట్టుగా డెక్కు మీద ఎక్కించుకుని పోయేవాడు. అక్కడ పనీ అతనే చూపేవాడు, బసా అతనే చూపేవాడు, కూలిలో కోతా అతనే కోసేవాడు. అప్పటి రాయల్ లేబర్ కమిషను ఆ పద్ధతిని తప్పుపట్టింది, న్యాయమే. అయినా చదువురాని కుర్రవాడు సముద్రం దాటి, తెలియని దేశంలో మరునాడే పనిలోకి దిగగలిగాడంటే ఆ జట్టు వల్లనే. బర్మావాళ్ళు మనవాళ్ళందరినీ కలిపి 'కోరంగీలు' అన్నారు, కోరంగి రేవు పేరు మీద. 1930 మేలో రంగూన్ రేవులో అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోతే, వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

మా పెద్దమ్మ మామగారు అలా ఒక మేస్త్రీ జట్టులో వెళ్ళినవాడు. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చిలో నగరం పడిపోయింది. డబ్బున్నవాళ్ళు ఓడలెక్కారు. లేనివాళ్ళు నడిచారు. కొందరు ప్రోం నుంచి తాంగుప్ కొండదారిన అరకాను తీరానికి, కొందరు ఉత్తరాన తము మీదుగా ఇంఫాల్‌కు. లక్షలమంది నడిచారు, వేలమంది దారిలోనే పోయారు. పెద్దమ్మ మామగారి జట్టులోంచి ఇద్దరు ఊరు చేరారట. కొండల దాకా అందరూ కలిసే నడిచామని, అక్కడ ఆయనకు జ్వరం తగిలిందని, ఒక చెట్టు కింద కూర్చోబెట్టి నీళ్ళు తెస్తామని ముందుకు పోయామని వాళ్ళు చెప్పారు. నీళ్ళు తెచ్చారా అని ఇంట్లో ఎవరూ అడగలేదు. తిథి తెలియదు కాబట్టి తద్దినమూ లేదు. ఆయన భార్య బొట్టు తీయాలా వద్దా తెలియక ఏళ్ళ తరబడి ఉండిపోయిందని పెద్దమ్మ చెప్పేది.

ఇప్పుడు బస్సు దగ్గరికి. మొన్న శీతాకాలంలో పెద్దమ్మ కాశీ బస్సుకు పేరు రాయించుకుందని తెలిసింది. డెబ్భై దాటిన మనిషి. కొడుకు గల్ఫులో ఉన్నాడు. టెక్కలి ఆసుపత్రి, కార్తీక సోమవారం రావివలస మల్లికార్జునుడు, అరసవల్లి, ఇవి తప్ప ఊరు దాటిన మనిషి కాదు. నేను వెళ్ళి, "పెద్దమ్మా, నేను తీసుకెళ్తాను, విమానంలో వెళ్దాం, రెండు రోజుల్లో తిరిగొద్దాం" అన్నాను. ఆవిడ చాటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "నీతో ఎల్తే నాను నీ ఎనకాల ఎల్లాల. ఆలతో ఎల్తే నాను కూడా ఎల్లినట్టుంటాది" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నలభైమందిలో ఆవిడకు తెలియనివాళ్ళు ముగ్గురో నలుగురో. వంట మనదే, మాట మనదే, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపే డ్రైవరు మనవాడే. ముసలివాళ్ళకు మొహమాటం లేకుండా బస్సు ఆపమని అడగగలగడం ఎంత పెద్ద సౌకర్యమో విమానాలెక్కేవాళ్ళకు అర్థం కాదు. ఖర్చా, నేను చెప్పిన విమానం టిక్కెట్లలో సగం కూడా కాదు. కష్టాలు లేవని కాదు. తెల్లవారుజామున మూడింటికి లేపేవాళ్ళట, పూరీలో సముద్రం దగ్గర అరగంటే ఇచ్చారట, ఒక ఊళ్ళో బస చేయించిన సత్రంలో నీళ్ళే లేవట. తిరిగి వచ్చాక అవన్నీ వరసగా చెప్పింది, ఫిర్యాదుగా కాదు, పెళ్ళిలో జరిగిన విశేషాలు చెప్పినట్టు.

గయలో జరిగిన సంగతి మాత్రం రెండు రోజుల తరువాత చెప్పింది. అక్కడ పెనిమిటికి పిండం పెట్టించాలని వెళ్ళింది. కొడుకు లేడు. బస్సులో ఉన్నవాళ్ళలో వరసకు మరిది అయ్యే ఒకాయన, ఇంటిపేరు గోత్రం ఒకటే, తాను పెడతానని ముందుకు వచ్చాడు. పెనిమిటి పేరు చెప్పాక పెద్దమ్మ ఒక్క క్షణం ఆగి మామగారి పేరు కూడా చెప్పిందట. పురోహితుడు తిథి అడిగాడు. తెలియదంది. ఎక్కడ పోయాడని అడిగాడు. రంగం నుంచి వస్తూ దారిలో అంది. ఇంకేమీ అడగకుండా ఆయన ఆ పేరూ కలిపి చెప్పించాడట. ఎనభై ఏళ్ళ తరువాత!

ఆ జనంలో తిరిగి వస్తూ పెద్దమ్మ దారి తప్పింది. ఫల్గుణి ఒడ్డున ఒక రావిచెట్టు కింద కూర్చుండిపోయిందట, భాష రాదు, ఫోను బస్సులో ఉంది. బస్సులో తలలు లెక్కపెట్టారు. ఒకటి తక్కువ. తరువాతి మజిలీకి ఆలస్యమవుతుందని నిర్వాహకుడు గోల పెడుతున్నా, ఆడవాళ్ళంతా బస్సు దిగేసి, నాలుగు జట్లుగా విడిపోయి వెతికారట. రెండు గంటలు పట్టింది.

"భయమేసిందా పెద్దమ్మా?" అన్నాను.

"భయమేటి? ఆలు ఒగ్గీసి ఎల్లిపోరని తెల్సుగదా" అని, గంగనీళ్ళ చెంబు మూత లక్క ఊడదీసి, నా అరచేతిలో రెండు చుక్కలు పోసింది. తరువాత గూట్లోంచి ఒక కాగితం తీసి చదవమంది. వచ్చే ఏటి రామేశ్వరం బస్సు కరపత్రం అది. పేర్లు రాసుకునే ఫోను నంబరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.