మన సిపాయి పెద్దల రికార్డులు

మన కుటుంబాలలో ఫౌజుకు వెళ్ళిన పెద్దలు చాలామందే ఉన్నారు. "మా దాదా బస్రా పోయాడంట", "మా నానా సింగపూర్ లడాయిలో ఉన్నాడంట" అనే మాటలు పెళ్ళిళ్ళలోనూ, పండుగనాడు దస్తర్‌ఖాన్ దగ్గరా వింటూనే ఉంటాము. ఆ "అంట" దగ్గరే కథ ఆగిపోతుంది. ఏ పటాలం, ఏ సంవత్సరం, నంబరు ఎంత అని పిల్లలు అడిగితే చెప్పేవారు లేరు. ఆ "అంట"ను తీసివేసి అసలు రికార్డును సంపాదించే మార్గమేమిటో సభ్యులకు మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశము.

ముందుగా కొంత చరిత్ర. 1914-18 యుద్ధంలో 10 లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. దాదాపు 74,000 మంది ప్రాణాలు కోల్పోయారు. 1939-45 యుద్ధం నాటికి సైన్యం 25 లక్షల వరకు పెరిగింది. అప్పుడు మరణించినవారు సుమారు 87,000 మంది. మద్రాసు రాజధానిలోని ముస్లిములు మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్‌లోనూ, పదాతి దళాలలోనూ చేరుతుండేవారు. నిజాం రాజ్యం నుండి వెళ్ళిన హైదరాబాదు లాన్సర్స్ అనే అశ్వదళం సూయెజ్ కాలువ కాపలాలోనూ, తరువాత పాలస్తీనాలోనూ పనిచేసింది. ఢిల్లీలో తీన్‌మూర్తి భవనం ఎదుట 1922లో నిలిపిన మూడు విగ్రహాలు హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూర్ లాన్సర్ల జ్ఞాపకార్థం పెట్టినవే. ఆ దారిన పోతూ ఆ మూడింటిలో ఒకటి మనవారిదని ఎంతమందిమి గుర్తు చేసుకుంటాము?

ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది. కాగితం మీద "హైదరాబాద్ రెజిమెంట్" అని కనిపించగానే అది నిజాం సైన్యమని అనుకోరాదు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ బ్రిటిష్ ఇండియా సైన్యంలోనిది. 1945లో దానికి కుమావ్ రెజిమెంట్ అని పేరు మార్చారు. దాని కేంద్రం ఇప్పుడు ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో ఉన్నది. నిజాం సొంత సైన్యం వేరు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత అది చాలావరకు రద్దయింది. తమాషా ఏమంటే, 1941-42లో మలయాలో జపానువారితో జరిగిన పోరాటంలో ఈ రెండు సైన్యాలవారూ ఉన్నారు. కాబట్టి "సింగపూర్ లడాయి" అన్న ఒక్క మాటతో మన నానా ఏ సైన్యంలో ఉన్నాడో తేలదు.

తేలాలంటే మొదట ఇంట్లోనే వెతకాలి. ట్రంకు పెట్టెలో డిశ్చార్జి సర్టిఫికెట్టు, పెన్షన్ పుస్తకం ఉన్నాయేమో చూడండి. మెడల్ ఉంటే దాన్ని పాలిషు పెట్టి రుద్దకండి. మొదటి యుద్ధం నాటి మెడల్స్ అంచు మీదనో, వెనుక వైపునో సిపాయి నంబరు, ర్యాంకు, పేరు, పటాలం సన్నని అక్షరాలతో చెక్కి ఉంటాయి. పేరుకన్నా ఆ నంబరే ముఖ్యము. ఎందుకంటే మనలో ఒకే పేరు గలవారు ఒక్క పటాలంలోనే పదిమంది ఉంటారు. పైగా ఆనాటి గుమాస్తాలు షేక్‌ను షైక్ అనీ, ఖాదర్‌ను కాదిర్ అనీ, మహమ్మద్‌ను మహోమెద్ అనీ తోచినట్లు వ్రాసుకున్నారు. ఇంటి పేరు ఉండదు. తండ్రి పేరు, ఊరు, తాలూకా కలిస్తేనే మనిషి గుర్తు దొరుకుతుంది. జిల్లాను కూడా ఆనాటి లెక్కనే చూడాలి. 1970కి ముందు ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు గుంటూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి.

ఆ పైన ఎవరిని అడగాలి? యుద్ధంలో మరణించినవారైతే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చును. అందులో పటాలం, తేదీ, సమాధి లేక స్మారకం ఉంటాయి. కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. తిరిగి వచ్చినవారైతే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు వ్రాయాలి. మద్రాస్ రెజిమెంట్ కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోనూ, సాపర్ల కేంద్రం బెంగుళూరులోనూ ఉన్నాయి. తెలిసిన వివరాలన్నీ వ్రాసి, బంధుత్వం తెలిపే కాగితం నకలు జతచేసి స్పీడుపోస్టులో పంపండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చును. నిజాం ప్రభుత్వ కాగితాల కోసం హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ చూడాలి. అక్కడ చాలా భాగం ఫారసీ, ఉర్దూలలో ఉంటుంది గనుక చదవగల పెద్దలను వెంట తీసుకువెళ్ళడం మంచిది. లండన్‌లో పటాలాల యుద్ధ డైరీలు దొరుకుతాయిగాని, మామూలు సిపాయి సొంత ఫైలు అక్కడ దొరుకుతుందని ఆశపడి ఎవరికీ డబ్బు కట్టకండి.

ఇంత శ్రమ ఎందుకని కొందరు అడగవచ్చు. బస్రా సంగతి చూడండి. 1929లో అక్కడ ఆవిష్కరించిన స్మారకం 40,000 మందికి పైగా యోధులది. కాని మన సిపాయిల పేర్లు ఆ రాతిమీద చెక్కలేదు. పటాలం పేరు, ఎంతమంది పోయారన్న అంకె, అంతే! పేర్లు రిజిస్టరులో ఉండిపోయాయి. భారత, ఆఫ్రికా, ఈజిప్టు దేశాలకు చెందిన 45,000 నుండి 54,000 మంది విషయంలో ఇటువంటి అసమానత జరిగిందని ఆ కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. క్షమాపణ మంచిదే. కాని రిజిస్టరులో ఉన్న పేరు ఫలానా ఇంటి దాదాదని చెప్పగలిగేది ఆ ఇంటివారు మాత్రమే.

ఇంకొక మాట. బస్రాలో ఎదుటి పక్షం తురుష్కులు, అంటే ఆనాటి ఖలీఫా సైన్యం. రోటీ ఒకవైపు, దీన్ ఒకవైపు లాగిన ఆ రోజులను గురించి పెద్దలు ఇంట్లో నోరు విప్పకపోవడంలో వింత లేదు. మనం రికార్డు కోరేది గొప్పలు చెప్పుకోవడానికీ కాదు, వారిని తప్పు పట్టడానికీ కాదు. వారు ఎక్కడికి వెళ్ళారో, ఏమి మోశారో తెలుసుకోవడానికి. దువాకు చిరునామా అక్కరలేదు, అల్లాహ్‌కు అందరి పేర్లూ తెలుసు. తెలియనిది మనకూ, మన పిల్లలకూ.

కనుక ఈ రంజాన్‌లోగా ప్రతి కుటుంబమూ దాదీలను, నానీలను కూర్చోబెట్టి అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచవలసిందిగా కోరుతున్నాము. మగవారు మరచిన ఊర్లు, పటాలాలు పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన ఆడవారికి గుర్తుంటాయి. చెదలు పట్టకముందే కాగితాలకు నకళ్ళు తీయించి, ఒక ప్రతి మన సంఘం ఆఫీసులో ఇస్తే అందరికీ పనికివస్తుంది. వస్సలామ్.