పేరు గొప్ప: ఒక ఆంగ్ల ప్రహసనము, దాని కర్త



పేరు గొప్ప, ఊరు దిబ్బ యను సామెత నెఱుగనివారు మనలో నుండరు. ఆ సామెతకు దృష్టాంతముగా నిలువదగిన యొక నాటకము 1895వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదీని లండను నగరమున, సెయింట్ జేమ్సు నాటకశాలలో మొదటిసారి ప్రదర్శింపబడెను. దాని పేరు ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’. వ్రాసినవాడు 1854లో ఐర్లండు దేశపు డబ్లిను నగరమున జన్మించిన ఆస్కార్ వైల్డు. అవి విక్టోరియా రాణి పాలనపు చివరి సంవత్సరములు. చూడవచ్చినవారు కడుపుబ్బ నవ్విరి. ఆ నవ్వు ఎట్లు పుట్టెను, దాని వెనుక నేమి యుండెను అను రెండు సంగతులను మీకు విన్నవించుటయే నా ప్రసంగోద్దేశము.

మొదట కథ. జాక్ వర్దింగ్ అను యువకుడు పల్లెపట్టున నొక పెద్దమనిషి. సిసిలీ అను పదునెనిమిదేండ్ల కన్యకు సంరక్షకుడు. కావున నచ్చట గంభీరముగా నుండక తప్పదు. పట్నమునకు బోయి విలాసముగా దిరుగుటకై, తనకు ఎర్నెస్ట్ అను తుంటరి తమ్ముడొకడు కలడనియు, వాని చిక్కులు తీర్చుటకై లండను పోవలసివచ్చుచున్నదనియు నింట జెప్పును. పట్నము చేరిన పిదప తానే ఎర్నెస్ట్! అతని మిత్రుడు ఆల్జర్నన్ ఏమియు తీసిపోడు. ఇష్టములేని విందులు తప్పించుకొనుటకై బన్బరీ యను రోగిష్ఠి స్నేహితుని కల్పించుకొని, వానిని జూచు నెపమున పల్లెలకు బోవుచుండును.

ఆల్జర్నన్ తల్లి సోదరి లేడీ బ్రాక్నెల్. ఆమె కుమార్తె గ్వెండలిన్‌ను జాక్ వలచెను. ఆ పిల్లయు నతనిని వలచెను గాని, వలచినది ముఖ్యముగా ఎర్నెస్ట్ అను పేరును! ఆ పేరు లేనివానిని పెండ్లాడనని యామె పట్టు. అక్కడ పల్లెలో సిసిలీయు, తానెన్నడు చూడని ఆ తుంటరి ఎర్నెస్ట్‌నే తలచుకొని, అతనితో నిశ్చయతాంబూలములైనట్లు దినచర్య పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఇది యెఱుగకయే ఆల్జర్నన్ తానే ఎర్నెస్ట్ నని యా యింట ప్రవేశించును.

ఇక చమత్కారముల సంగతి. మొదటిది శ్లేష. ఎర్నెస్ట్ పురుషుని పేరు; అదే ధ్వనిగల వేఱొక ఆంగ్లపదమునకు చిత్తశుద్ధి గలవాడని యర్థము. రాఘవపాండవీయము చదివిన మనవారికి శ్లేష క్రొత్త కాదు. ఇచట నాటకమంతయు నొక్క శ్లేషమీద నిలిచినది: చిత్తశుద్ధి యను పేరు అందఱకు కావలెను, చిత్తశుద్ధి యెవరికి నక్కఱలేదు.

రెండవది, పాత్రలకు దెలియని సంగతి ప్రేక్షకులకు ముందుగా దెలిసియుండుట. పట్నపు బొంకు చాలించుకొనదలచి జాక్, తమ్ముడు ప్యారిసులో మరణించెనని నల్లని దుస్తులు ధరించి, శోకము నటించుచు నింటికి వచ్చును. ఆ క్షణముననే ‘మృతుడైన’ తమ్ముడు లోపల సిసిలీతో సరసమాడుచున్నాడని మన మెఱుగుదుము. నవ్వక యెట్లుండగలము?

మూడవది, చిన్నవానిని పెద్దవిగను, పెద్దవానిని చిన్నవిగను చూపుట. పెండ్లి, చావు, జ్ఞానస్నానము తేలికమాటలు; పినతల్లికై సిద్ధపఱచిన దోసకాయ ముక్కల రొట్టెలను ముందే ఆల్జర్నన్ తినివేయుట మహావిషయము.

నాటకమున మిక్కిలి సారవంతమైనది లేడీ బ్రాక్నెల్ జాక్‌ను పరీక్షించు ఘట్టము. ఆమె కాగితము, సీసపుకలము పుచ్చుకొని ఆదాయమెంత, ఇండ్లెన్ని యని యడుగును. అతనికి సుమారు 1,500 ఎకరముల భూమి కలదు గాని, భూమి మాటకే యామె పెదవి విఱుచును. భూమి బ్రతికినన్నాళ్లు ఖర్చు పెట్టించును, చచ్చినపిమ్మట పన్ను కట్టించును, అని యామె భావము. ఈ పరిహాసమున ఇంగ్లండు చరిత్ర యిమిడియున్నది. 1870 తరువాత అమెరికా మైదానముల గోధుమలు రైళ్లమీదను, పొగయోడలమీదను చౌకగా వచ్చిపడగా, అచ్చటి ధాన్యపు ధరలు కూలెను. భూస్వాముల రాబడి తగ్గెను. 1894లో మృతుల యాస్తిపై ప్రభుత్వము క్రొత్తగా పన్ను విధించెను. ఎకరములు గలవాడే గొప్పవాడను మాట పోయి, ఋణపత్రములు గలవానికి విలువ హెచ్చెను. అందుచేతనే లేడీ బ్రాక్నెల్, సిసిలీని మొదట తృణీకరించి లేచినదయ్యు, ఆ పిల్లకు ప్రభుత్వపత్రములలో 1,30,000 పౌనులున్నవని వినగానే మరల కూర్చుండి, ఆమెలో సద్గుణములను జూడ మొదలిడును.

జాక్‌కు ధనము కలదు గాని తల్లిదండ్రు లెవరో తెలియదు. విక్టోరియా స్టేషనులో సామానులు భద్రపఱచు గదియందు, నొక చేతిసంచిలో దొరికిన శిశువు! ఆ సంచికి పిల్లనెట్లిత్తునని లేడీ బ్రాక్నెల్ నిరాకరించును. చివరకు ఆ సంచియే గుట్టు విప్పును. సిసిలీకి చదువు చెప్పు మిస్ ప్రిజమ్ అను నామె, ఇరువదియెనిమిదేండ్ల క్రిందట, తాను వ్రాసిన నవలను పిల్లల బండిలోను, పసివానిని సంచిలోను పొరపాటున ఉంచినది. శకుంతలకథలో ఉంగరము చేసిన పని యిచట తోలుసంచి చేసినది. జాక్ ఆల్జర్నన్‌కు సొంత అన్న యని తేలును. తండ్రి పేరునుబట్టి అతని పేరు నిజముగా ఎర్నెస్టే! బొంకులన్నియు నిజములయ్యెను. మన వరుసలనుబట్టి గ్వెండలిన్ అతనికి చెల్లెలగును. ఆంగ్లేయులలో అట్టి పెండ్లి నిషిద్ధము కాదు.

నాటకమిట్లు సుఖాంతము. కర్త కథ యట్లు కాలేదు. ప్రదర్శన మొదలైన నాల్గవనాడు క్వీన్స్‌బెరీ ప్రభువు, తన కుమారునితో వైల్డునకుగల చెలిమికి కినిసి, అతని క్లబ్బులో నిందావాక్యము వ్రాసిన చీటీ విడిచిపోయెను. వైల్డు పరువునష్టపు అభియోగము తెచ్చెను. అది బెడిసికొట్టి, ఏప్రిల్ 5న అతనినే నిర్బంధించిరి. పురుషులతో సంబంధము అప్పటి ఆంగ్లశాసనమున నేరము. మే 25న రెండేండ్ల కఠినశిక్ష పడెను.

నాటకశాలవారు తొలుత నేమి చేసిరనుకొనుచున్నారు? ప్రకటనపత్రములనుండి వైల్డు పేరు తీసివేసి, నాటకమును మాత్రము ఆడించిరి. నవ్వు కావలెను, నవ్వించినవాని పేరు కూడదు! మే నెలలో ప్రదర్శనయు నిలిచెను. 1897లో విడుదలయైన వైల్డు ఫ్రాన్సుకు బోయి సెబాస్టియన్ మెల్మొత్ అను మాఱుపేరుతో బ్రతికెను. 1899లో నాటకము అచ్చుపడినప్పుడు, పుస్తకముపై అతని పేరు లేదు. అతడే వ్రాసిన వేఱొక నాటకము పేరు చెప్పి, దాని కర్తయే దీని కర్త యని మాత్రము వేసిరి. 1900 నవంబరు 30న ప్యారిసులో మరణించెను. మాఱుపేరుతో తిరుగువారిని జూపి లోకమును నవ్వించినవాడు, తానే మాఱుపేరుతో తిరుగవలసివచ్చెను.

ఇంగ్లండున ఆ శాసనము 1967లో సడలెను; 2017లో అట్టి శిక్షలుపొంది మృతులైనవారికి క్షమ ప్రకటింపబడెను. అంతకుముందే, 1995 ఫిబ్రవరి 14న, నాటకము మొదట ఆడిన నాటికి సరిగా నూఱేండ్లకు, లండనులోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో కవుల మూలయందు, గవాక్షపు గాజుపలకపై వైల్డు పేరు నిలిపిరి.

పేరును చూచి మనిషిని తూచు అలవాటు ఒక్క దేశపుది కాదు. ఈ ప్రహసనమును విని నవ్వునప్పుడు, అందు కొంతపాలు మన రచ్చబండలకును చెందునేమో యని మీరే యోచింప ప్రార్థించి, సెలవు తీసికొనుచున్నాను.