మొదటి ఇంటి అప్పుకు అర్హులెవరు: పట్టణ గృహరుణ రాయితీల పరిణామం

స్వాతంత్ర్యానంతర తొలి దశాబ్దాల్లో గృహనిర్మాణానికి ప్రభుత్వ సాయమంటే ప్రధానంగా కాలనీలు కట్టి కేటాయించడమే. 1970లో కేంద్రం నెలకొల్పిన హడ్కో కూడా ఎక్కువగా రాష్ట్రాల గృహనిర్మాణ సంస్థలకే అప్పులిచ్చింది. 1977లో హెచ్‌డీఎఫ్‌సీ ఏర్పడి వ్యక్తులకు ఇంటి రుణాలివ్వడం మొదలుపెట్టినా, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు వచ్చి గృహరుణ సంస్థలకు పెద్దదిక్కుగా నిలిచినా, అప్పిచ్చేవారు చూసింది మాత్రం నెలనెలా వాయిదా కట్టగల స్తోమత ఉందా లేదా అన్నదే. అడిగినవారికి అంతకుముందు ఇల్లుందా లేదా అన్నది వారికి పట్టలేదు.

పదకొండో పంచవర్ష ప్రణాళిక కాలంలో పట్టణ పేదల కోసం వచ్చిన వడ్డీ రాయితీ పథకం మొదటి లక్ష రూపాయల అప్పు మీద వడ్డీలో 5 శాతం భరించింది. లక్షతో పట్టణంలో ఇల్లు దొరకదు గనుక అది పెద్దగా పాకలేదు. అసలు మలుపు 2015 జూన్‌లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనతో వచ్చింది. ఏటా 6 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 6 లక్షల వరకు అప్పుపై 6.5 శాతం రాయితీ ప్రకటించి, అప్పు కాలమంతటికీ వచ్చే ఆ రాయితీని 9 శాతం లెక్కన నేటి విలువకు కుదించి, ఒక్కసారిగా అసలులోంచి తగ్గించారు. 20 ఏళ్ల అప్పుకు ఇది సుమారు 2.67 లక్షలు, ఆ మేరకు మొదటి నెల నుంచే వాయిదా తేలికయ్యేది.

ఈ పథకం కుటుంబమంటే భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు అని నిర్వచించి, వారిలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండరాదని షరతు పెట్టింది. ఫలితంగా ఊళ్లో తండ్రి పేరిట డాబా ఉన్న పాపానికి, హైదరాబాద్‌లో అద్దెకుంటూ సంపాదించుకునే పెళ్లికాని కొడుకు అనర్హుడయ్యేవాడు. తరువాతి సవరణల్లో సంపాదించే వయోజనుణ్ణి, తన పేరిట ఇల్లు లేకపోతే, వేరే కుటుంబంగా లెక్కించారు. అంతకన్నా విలువైనది, అల్పాదాయ కుటుంబాలు కొనే ఇంటికి స్త్రీ యజమానిగానో ఉమ్మడి యజమానిగానో ఉండి తీరాలన్న నియమం. భర్త పేరు ఒక్కటే దస్తావేజులో రాసే అలవాటును ఏ ఉపన్యాసమూ కదిలించనంతగా అది కదిలించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఇళ్ల స్థలాల పట్టాలను మహిళల పేరిట ఇచ్చిందీ ఈ దృష్టితోనే.

2017లో రాయితీని 18 లక్షల ఆదాయం వరకున్న మధ్యతరగతికి విస్తరించారు. ఇంటి లోపలి వాడుక స్థలమైన కార్పెట్ ఏరియా పరిమితిని, మధ్యతరగతిలోని రెండు ఆదాయ శ్రేణులకు వరుసగా 90, 110 చదరపు మీటర్ల నుంచి 2018 జూన్ నాటికి 160, 200కు పెంచారు. రెండు వందల చదరపు మీటర్ల ఫ్లాటు కొనేవారికి ప్రజాధనంతో ఊతమివ్వడం పథకం మూలోద్దేశానికి దూరమే. 2022 మార్చి నాటికి ఈ రాయితీలన్నీ ముగిశాయి.

2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండో దశ ఈ పొరపాటును కొంత సరిదిద్దింది. ఆదాయం 9 లక్షలకు, ఇంటి విలువ 35 లక్షలకు, అప్పు 25 లక్షలకు పరిమితమయ్యాయి. మొదటి 8 లక్షలపై 4 శాతం చొప్పున గరిష్ఠంగా 1.80 లక్షల రాయితీ ఐదు వార్షిక విడతల్లో అందుతుంది. గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకంలో లబ్ధి పొందినవారు అనర్హులు.

పే స్లిప్ లేని తోపుడుబండి వ్యాపారికి, ఇళ్లలో పనిచేసే స్త్రీకి మాత్రం చిక్కు తీరలేదు. ఆదాయానికి స్వయంగా రాసిచ్చిన అఫిడవిట్‌ను ప్రభుత్వం 2015లోనే అంగీకరించినా, అప్పిచ్చే బ్యాంకు శాఖకు అది చాలదు. అందుకే 2012లో ఏర్పడిన రుణ పూచీ నిధిని, అంటే ఎగవేత జరిగితే అప్పిచ్చినవారి నష్టంలో కొంత భరించే నిధిని, వెయ్యి కోట్ల నుంచి 3 వేల కోట్లకు పెంచాలని కేంద్రం 2024లో నిర్ణయించింది.