ఒకరు మేలుకుంటేనే ఒకరికి నిద్ర

శ్రీముఖలింగం గుడి గోడల మీద యుద్ధాలూ విజయాలూ వెతుక్కోబోయిన వాళ్లకు ముందు కనబడేవి దీపాలే. 11, 12 శతాబ్దాల శాసనాల్లో మళ్లీ మళ్లీ అదే సంగతి. ఫలానా శకవర్షంలో ఫలానా వారు మధుకేశ్వరుడి సన్నిధిలో అఖండవర్తి దీపం పెట్టించారు, అందుకుగాను ఇంత ఇచ్చారు, సూర్యచంద్రులున్నంత కాలం ఇది వెలగాలి. అంతే.

ఆ గుడి ఉన్న జలుమూరు మండలంలోని బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను నేను. పిల్లలకు చెప్పవలసిన పాఠం వేరేగా ఉండేది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ వంశధార ఒడ్డునే ఉండేది. వజ్రహస్తుడు 1038లో, అనంతవర్మ చోడగంగు 1078లో పట్టానికి వచ్చారు. పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టింది ఆ చోడగంగే. ఆ తర్వాత రాజధాని కటకానికి పోయింది, మన ఊరు పల్లెటూరయింది. పరీక్షలో వచ్చేది ఇదే. దీపాల గురించి ఏ పిల్లాడినీ ఎవరూ అడగరు.

ఒక్క దీపం ఆరకుండా ఉండాలంటే ఎంతమంది పనిచేయాలో లెక్కవేసి చూడండి. ఆ రోజుల్లో దాత గుడికి బంగారు మాడలిస్తే ఆ సొమ్ము మీద వచ్చే ఆదాయంతో నెయ్యి కొనేవారు. ఆవులనో గొర్రెలనో ఇస్తే మందను కాసేవాళ్లు రోజుకింత నెయ్యి కొలిచి పోయాలి. ముసలివి పోయినా ఈనినవి మందలో కలుస్తాయి కనుక అసలు తరగదు. వత్తి ఎగదోయడానికి గుడిలో ఒక మనిషుండాలి. ఈ ఏర్పాటును ఎవరూ చెరపకుండా రాయి సాక్ష్యం. చెరిపినవాడికి గోహత్యా పాపమని శాపం. అంటే అది ఒట్టి నెయ్యి లెక్క కాదు, తరాల తరబడి నడవాల్సిన కాపలా ఏర్పాటు.

అందువల్ల దాతకు ఏం దక్కింది? శాసనం పుణ్యమనే చెబుతుంది, భయమన్న మాట ఎక్కడా ఎత్తదు. నాకు మాత్రం ఆ పుణ్యం కింద ఇంకొకటి కనిపిస్తుంది. భర్త దండుతో వెళ్తే ఏడాదికి గాని కబురు రాని కాలం అది. జ్వరం వస్తే తగ్గుతుందో లేదో, పురుడంటే తల్లి మిగులుతుందో లేదో, వంశధార పొంగితే పొలం ఉంటుందో లేదో తెలియని కాలం. అలాంటప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లు రాత్రంతా కళ్లు తెరుచుకుని కూర్చుని చేయగలిగేది ఏమీ లేదు. గుడిలో తమ పేరు మీద ఒక వెలుగు మేలుకుని ఉందనీ, దాన్ని చూసుకునే మనుషులున్నారనీ తెలిస్తే కాసేపు కన్ను మూయవచ్చు.

ఈ లెక్కలన్నీ మళ్లీ చదివిన మనిషి కూడా ఇక్కడివాడే. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గర్లోని పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు. పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తూ, ఎవరూ నేర్పకపోయినా పాత లిపులు పట్టుబట్టి నేర్చుకుని ఈ శాసనాలు చదివారు. కళింగనగరం ముఖలింగమేనని వాదించారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. అంతకుముందే ఆయన సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే పుస్తకాలు రాశారు.

సవరలకూ ఈ గుడికీ ఉన్న చుట్టరికం స్థలపురాణంలోనే ఉంది. సవర నాయకుడు ఇప్పచెట్టును నరికితే ఆ మొదట్లో శివుడి ముఖం కనబడిందట. వంశధారకు ఎగువన ఒడిశా కొండల్లోని సవరలకు దిగులును ఎదుర్కొనే పద్ధతి ఒకటుండేది. పియర్స్ విటెబ్‌స్కీ అనే బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు 1970ల నుంచి వాళ్లతో ఉండి దాన్ని గ్రంథస్తం చేశాడు. చనిపోయినవాళ్లు పూజారమ్మ నోట పలుకుతారు. చుట్టూ బంధువులు కూర్చుని ఏడుస్తారు, దెప్పుతారు, పరాచికాలాడతారు, అప్పుల సంగతి కూడా అడుగుతారు. ఏళ్లు గడిచేకొద్దీ చనిపోయినవాళ్ల కోపం చల్లారుతుంది, బతికున్నవాళ్ల బెంగా తగ్గుతుంది. కొత్త తరం బాప్టిస్టు సంఘాల్లో చేరాక ఆ మాటలు చాలా ఊళ్లలో ఆగిపోయాయి. ఇందులో నేను గమనించింది ఒకటే. పోయిన మనిషితో ఒంటరిగా మాట్లాడుకోమని వాళ్లు ఎవరినీ వదిలేయలేదు.

మా అమ్మమ్మ పద్ధతులు ఇంకా చిన్నవి. కార్తీకంలో చీకటుండగానే ఏట్లో స్నానం, గుడి చుట్టూ ప్రదక్షిణలు, పంచాక్షరి. ఎవరైనా దేనికైనా గాబరా పడితే, "బెంగెట్టుకోకే అమ్మా, ఏటీ అవదు. పద, ఏటికెల్లొద్దాం" అనేది. ఈనాటి వైద్యుల మాటల్లో చూస్తే అందులో కొంత అర్థమవుతుంది. చల్లటి నీళ్లలో ముఖం ముంచితే గుండె వేగం తగ్గడం పుట్టుకతోనే వచ్చే గుణం. 2001లో లూసియానో బెర్నార్డి బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన ప్రచురించింది. లాటిన్‌లో జపమాల తిప్పినా, 'ఓం మణి పద్మే హుం' అన్నా ఊపిరి నిమిషానికి ఆరు సార్ల దగ్గరకు దిగుతోందని తేలింది. మామూలుగా మనం అంతకు రెట్టింపు, ఇంకా ఎక్కువే పీలుస్తాం. పంచాక్షరిని వాళ్లు పరీక్షించలేదు గానీ, దాన్ని నెమ్మదిగా సాగదీసి అనేవాళ్ల ఊపిరి కూడా సాగుతుంది. అయితే అమ్మమ్మ ఏ పనీ ఒక్కతే చేయలేదు. దారిలో నలుగురిని కేకేసి లేపేది. రానివాళ్ల ఇంటికి మధ్యాహ్నం వెళ్లి ఎందుకు రాలేదని అడిగేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా అప్ప వాళ్లది ఉద్దానం. ఆ రోజంతా ఫోను కలవలేదు. కొబ్బరితోటలు, జీడితోటలు నేలకొరిగాయి, ఇల్లు మాత్రం నిలిచింది. ఆ తర్వాత నుంచి ఆశ్వయుజంలో గాలి కాస్త హోరెత్తితే చాలు, నాకు గుండె దడదడలాడేది, అరచేతులు చెమటలు పట్టేవి. డాక్టరుగారు గుండె బాగానే ఉందన్నారు, ఊపిరి లోపలికి తీసినదానికంటే ఎక్కువసేపు వదలమన్నారు. అలా చేస్తే దడ తగ్గేది. నిద్ర మాత్రం వచ్చేది కాదు.

అప్పనడిగితే వాళ్ల వీధి సంగతి చెప్పింది. కరెంటు లేని ఆ రోజుల్లో నాలుగైదు కుటుంబాలు ఒకే డాబా వరండాలో పడుకునేవట. పెద్దవాళ్లు వంతులేసుకుని మేలుకునేవారు. చేసేదేమీ లేదు, గాలి వింటూ కూర్చోవడమే. పిల్లలు హాయిగా నిద్రపోయారట. ఇప్పుడు తుపాను కబురొస్తే నాకు తనే ఫోను చేస్తుంది. "నాను మెలకువగానే ఉన్నానే, నువ్ తొంగో" అంటుంది. మరుసటి రాత్రి వంతు నాది.

ఈ రోజుల్లో మనశ్శాంతికి ఫోనులో యాప్‌లున్నాయి. ఊపిరి లెక్కపెడతాయి, వాన చప్పుడు వినిపిస్తాయి. పనికొచ్చేవే. కాని ఏ దాతా తన దీపంలో నెయ్యి తనే పోసుకుంటూ కూర్చోలేదు, ఇంకొకరికి అప్పజెప్పడంలోనే దాని గుణమంతా ఉంది. దడ వారాల తరబడి విడవకపోతే, తిండీ నిద్రా పనీ చెడిపోతే అప్పజెప్పవలసింది డాక్టరుకే. అర్ధరాత్రి ఎవరూ లేరనిపిస్తే 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ 14416 ఉంది. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రాత్రి రెండింటికి మీ కోసం మేలుకునే మనిషి ఎవరో ఇవాళే అడిగి ఖాయం చేసుకోండి. మీరు ఎవరి కోసం మేలుకుంటారో వాళ్లకూ చెప్పి ఉంచండి.