పాత బండి సైలెన్సర్‌కు తుప్పు చిల్లులు: ఏది పూడ్చాలి, ఏది వదిలేయాలి

పంటల సలహాల మధ్య బండి సైలెన్సర్ సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. పిట్టలవానిపాలెం, చందోలు వైపు యూరియా బస్తా, స్ప్రేయరు, పచ్చిగడ్డి మోపు, పాల క్యాను అన్నీ బండి మీదే పోతాయి. వరి కోతలయ్యాక అదే బండిని ఎండుగడ్డి పక్కన నిలబెడతాం. బరువుతో వచ్చిన బండికి ఇంజిన్ దగ్గరి బెండు పైపు 300 డిగ్రీలు దాటి కాలి ఉండవచ్చు. దానికి చిల్లు పడితే ఆ సెగ, ఒక్కోసారి నిప్పురవ్వ నేరుగా గడ్డి మీదికే వస్తుంది. వామి అంటుకుంటే ఏడాది మేత పోయినట్టే. కాబట్టి చిల్లు బాగుచేయించేదాకా బండిని వామికి, గడ్డి కట్టలకు దూరంగా ఆపండి.

సైలెన్సర్ ఎక్కువగా లోపలి నుంచే తుప్పు పడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికి రావాలి. ఇంటి నుంచి చేనుకు, చేను నుంచి పాలకేంద్రానికి కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిరిగే బండికి సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరై అడుగున నిలుస్తుంది. బయటి నుంచి మన సముద్రపు ఉప్పుగాలి, బురద, బస్తాల నుంచి రాలిన ఎరువు తోడవుతాయి. పొటాష్ ఎరువులో క్లోరైడు ఉంటుంది, ఇనుముకు అది ఉప్పుతో సమానం. అందుకే పైకి కనిపించే చిల్లు చిన్నదైనా, చుట్టూ రేకు కాగితంలా పలచబడి ఉంటుంది. రిపేరు నిలవకపోవడానికి అసలు కారణం ఇదే.

చిల్లు వెతకడం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపవద్దు, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. బండి స్టార్ట్ చేసి, ఒకరు తడిగుడ్డను గొట్టం చివర కొద్ది సెకన్లు అదిమితే, చిల్లు ఉన్నచోట బుస్సుమంటుంది. సబ్బునీళ్లు పూస్తే బుడగలు వస్తాయి. ఇంజిన్ ఆపి, చల్లారాక స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, చివికింది డొల్లగా పలుకుతుంది.

ఒక్క జాగ్రత్త. చాలా బండ్లకు సైలెన్సర్ అడుగున చిన్న గుండ్రని రంధ్రం కంపెనీవాళ్లే పెడతారు. ఉదయం దాని నుంచి నీటిచుక్కలు పడితే మంచిదే. దాన్ని తుప్పు చిల్లు అనుకుని పూడిస్తే నీరు లోపలే నిలిచి రేకు ఇంకా తొందరగా పోతుంది. అంచులు సాపుగా, గుండ్రంగా ఉంటే అది కంపెనీ రంధ్రం. తుప్పు చిల్లు అంచులు పెళుసుగా, చిందరవందరగా ఉంటాయి.

సూదిమొన, పెసరగింజ అంత చిల్లయితే ఇంట్లోనే చేసుకోవచ్చు. నీళ్ల పైపులకు వాడే ఎం-సీల్ ఆ వేడికి నిలవదు. సైలెన్సర్ల కోసమే అమ్మే వేడిని తట్టుకునే పుట్టీ అడిగి తీసుకోండి. వైరు బ్రష్‌తో, ఉప్పుకాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, పుట్టీ పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వాలి. పైన ఇనుప డబ్బా రేకు చుట్టి రెండు క్లిప్పులు బిగిస్తే ఇంకొన్నాళ్లు వస్తుంది. ఇది తాత్కాలికమే. బెండు పైపు మీద మాత్రం పుట్టీని నమ్ముకోవద్దు.

పెద్ద చిల్లుకు రేకు ముక్క వేసి వెల్డింగ్ చేయించాలి. చివికిన భాగమంతా గట్టి రేకు వచ్చేదాకా కోసి తీసేసి, అంతకంటే పెద్ద ముక్క అతికించమనండి. చిల్లు మీదే బొట్టు పెట్టినట్టు వెల్డింగ్ చేస్తే పక్కనే మరోటి పడుతుంది. పలచని రేకుకు గ్యాస్ వెల్డింగ్ మేలు, లావు రాడ్డుతో కరెంటు వెల్డింగ్ చేస్తే ఉన్న రేకూ కరిగిపోతుంది. జింకు పూసిన రేకు వాడనివ్వకండి, ఆ పొగ పీలిస్తే వెల్డర్‌కు చలిజ్వరం వస్తుంది. సైలెన్సర్ ఊడదీసి, పెట్రోలు ట్యాంకుకు దూరంగా చేయించండి.

ఊడదీయడం తొందరపడే పని కాదు. ఇంజిన్ హెడ్ దగ్గరి నట్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటాయి. ముందురోజు రాత్రే, ఇంజిన్ చల్లారాక, తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. బలవంతంగా తిప్పితే స్టడ్డు హెడ్‌లోనే విరుగుతుంది, దాన్ని తీయించే ఖర్చు సైలెన్సర్ రిపేరును మించుతుంది. తిరిగి బిగించేటప్పుడు అక్కడి గ్యాస్కెట్ కొత్తది వేయాలి. పాతదే వేస్తే గాలి పీల్చి, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పట్ పట్‌మంటుంది. ఆ శబ్దాన్ని కూడా కొందరు చిల్లు అనుకుంటారు.

చివరగా వేడిని తట్టుకునే రంగు వేయండి, మామూలు ఎనామిల్ కాలి పొక్కులు లేస్తుంది. ఎరువు మోసిన రోజు సాయంత్రం, సైలెన్సర్ చల్లారాక మంచినీళ్లతో కడగడం ఏ రంగుకన్నా ఎక్కువ కాపాడుతుంది. వారానికోసారైనా పది కిలోమీటర్లు ఆగకుండా నడిపితే లోపలి నీరు ఆవిరై పోతుంది.

పిల్లల కాలికి సైలెన్సర్ తగిలి కాలితే కనీసం 20 నిమిషాలు చల్లని నీటిధార కింద ఉంచండి. పేస్టు, సిరా పూయవద్దు. పొక్కు పెద్దదైతే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

రెండుసార్లు వెల్డింగ్ చేసినా మూడోచోట చిల్లు పడితే ఇక ఆ రేకులో బలం లేదు, మార్చండి. కొనేటప్పుడు మీ బండి మోడల్‌దే తీసుకోండి. శబ్దం పెంచే సైలెన్సర్ బిగిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద కేసు అవుతుంది, పక్కింటి గేదె కూడా బెదురుతుంది.